చదువు నేర్చుకొనిన దాసుడు – ఫ్రెడరిక్ డగ్లస్

చదువవలసిన భాగములు: లూకా 12:41–48, 1 కొరింథీయులకు 11:17–34, ఫిలేమోను పత్రిక.



ప్రభువును ఎరుగనివారు మనలను హింసించినప్పుడు కలుగు బాధ ఒక విధము. ప్రభువు పేరు పెట్టుకొనినవాడే, ప్రార్థన ముగించి లేచిన చేతితోనే మనలను కొట్టినప్పుడు కలుగు బాధ వేరు. మొదటిదానివలన విశ్వాసము బలపడుట కద్దు. రెండవదానివలన అనేకులు విశ్వాసమునే విడిచిపోవుదురు. ఈ రెండవ బాధను చిన్ననాటినుండి అనుభవించి, యజమానుని మతము వేరు, క్రీస్తు మతము వేరు అని కనుగొనిన యొక మనుష్యుని జీవితమును ఈ నెల మీకు చెప్పదలచితిని. ఆయన పేరు ఫ్రెడరిక్ డగ్లస్. అమెరికా దేశములో దాసుడుగా పుట్టి, పారిపోయి, తన చరిత్రను తానే వ్రాసి అచ్చువేయించినవాడు.

ఆయన మేరీలాండు రాష్ట్రములోని టాల్బట్ కౌంటీలో జన్మించెను. పుట్టిన దినము ఆయనకు తెలియదు. దాసుల పిల్లలకు అది ఎవరును చెప్పరు. విత్తనాల కాలములో పుట్టితివనియో, కోతల కాలములో పుట్టితివనియో చెప్పుటయే గాని తేదీ ఉండదు. తండ్రి తెల్లవాడని మాత్రము వినెను. తండ్రి ఎవడైనను తల్లి దాసియైతే బిడ్డయు దాసుడే అని ఆ దేశపు చట్టము. తల్లి హారియెట్ బెయిలీని మరియొక పొలములో పనికి పెట్టి బిడ్డను అవ్వ బెట్సీయొద్ద ఉంచిరి. ఆ తల్లి పగలంతయు చేలో పనిచేసి, రాత్రి పండ్రెండు మైళ్లు నడిచి వచ్చి, బిడ్డను ప్రక్కలో పెట్టుకొని నిద్రపుచ్చి, తెల్లవారక ముందే తిరిగిపోయెడిది. సూర్యోదయమునకు చేలో లేకపోయినయెడల కొరడా దెబ్బలు తప్పవు. ఇట్లు ఆమె వచ్చినది నాలుగైదు సార్లకంటె ఎక్కువ కాదు. అతనికి ఏడేండ్ల ప్రాయమున ఆమె మరణించెను. కడసారి చూచుటకైనను అతనిని పోనియ్యలేదు.

ఆరేండ్ల వయస్సున అవ్వయే అతనిని చెయ్యిపట్టుకొని యజమానుడున్న పెద్ద తోటకు నడిపించుకొనిపోయి, అక్కడి పిల్లలతో ఆడుకొమ్మని చెప్పి, చెప్పకుండ వెడలిపోవలసి వచ్చెను. అక్కడ పిల్లలకు మోకాళ్లవరకు వచ్చు ముతకనార చొక్కాయి తప్ప వేరు బట్ట లేదు. మొక్కజొన్న సంకటిని కొయ్యతొట్టిలో పోసి నేలమీద పెట్టగా పిల్లలందరు పందిపిల్లలవలె దానిచుట్టు చేరి, ఆల్చిప్పలతోను వట్టి చేతులతోను తినెడివారు. వేగముగా తినినవానికి కడుపు నిండును. చలికాలములో ఫ్రెడరిక్ ఒక గోనెసంచి దొంగిలించి అందులో తల దూర్చి పండుకొనెడివాడు. కాళ్లు బయటనుండుటవలన మంచుకు పగిలి, పెద్దవాడై ఈ సంగతి వ్రాయుచున్న కలము పట్టునంత లోతు పగుళ్లు పడెనట.

1826లో అతనిని బాల్టిమోరు పట్టణమునకు పంపిరి. తరువాత అతనికి యజమానుడైన థామస్ ఆల్డు తమ్ముడు హ్యూ ఆల్డు అక్కడ కాపురముండెను. హ్యూ భార్య సోఫియా అంతకుముందు దాసులను ఏలినది కాదు. పెండ్లికి ముందు నేత నేసి తన చేతుల కష్టముతో బ్రదికిన స్త్రీ. ఆమె బైబిలు బిగ్గరగా చదువుచుండగా విని, ఈ బాలుడు తనకును చదువు నేర్పుమని అడిగెను. ఆమె సంతోషముతో అక్షరములు నేర్పి, చిన్న చిన్న మాటలవరకు తెచ్చెను. భర్తకు తెలియగానే అతడు మండిపడి, దాసుడు బైబిలు చదువ నేర్చినయెడల ఇక దాసత్వమునకు పనికిరాడనియు, దాసునికి తెలియవలసినది యజమానుని చిత్తము మాత్రమేయనియు ఆమెను గద్దించెను. ఆ మాటలు ప్రక్కన నిలిచిన బాలుని చెవిని పడెను. యజమానుడు దేనికి భయపడుచున్నాడో అదే తనకు కావలసినదని అతడు ఆ దినమే గ్రహించెను. వ్రాతపలక పట్టించి నేర్పిన గురువుకంటె, నేర్పవద్దనిన ఈ యజమానుడే అతనికి గొప్ప మేలు చేసెనని నాకు తోచుచున్నది.

సోఫియా మారిపోయెను. అతనిచేతిలో వార్తాపత్రిక కనబడినను లాగుకొనెడిది. అప్పుడు అతడు వీధి బడి పట్టెను. ఆ ఇంట రొట్టెకు లోటులేదు. వీధిలోని బీద తెల్లపిల్లలకు రొట్టె లేదు గాని చదువు కలదు. జేబులో రొట్టె పెట్టుకొని పనికి పోవుచు, వారికి రొట్టె యిచ్చి పాఠము పుచ్చుకొనెడివాడు. ఓడలు కట్టు స్థలములో వడ్రంగులు మ్రానులమీద వ్రాయు గుర్తులను చూచి నాలుగు అక్షరములు వ్రాయ నేర్చెను. తరువాత ఎదురైన ప్రతి పిల్లవానితో నీకంటె నేను బాగుగా వ్రాయుదునని పందెము వేసి, వాడు వ్రాసి చూపినది తాను నేర్చుకొనెను. గోడయు బాటయు పలకలాయెను, సున్నపుముక్క బలపమాయెను. పండ్రెండేండ్ల వయస్సున, కూడబెట్టిన యాభై సెంట్లతో కొలంబియన్ ఆరేటర్ అను పాఠ్యపుస్తకము కొనెను. అందులో పారిపోయి పట్టుబడిన దాసుడొకడు తన యజమానునితో వాదించి, గెలిచి, విడుదల పొందు సంభాషణ యుండెను. దానిని ఎన్నిసార్లు చదివెనో లెక్కలేదు.

ఆ కాలముననే అతనికి మారుమనస్సు కలిగెను. లాసన్ అను ముసలి నల్లజాతి బండివాడు అతనికి ఆత్మీయ తండ్రి. ఆ వృద్ధుడు చదువు అంతగా రానివాడు, ప్రార్థనలో మాత్రము గొప్పవాడు. ఈ పిల్లవాడు అతనికి అక్షరము చూపించును. అతడు ఈ పిల్లవానికి భావము చెప్పును. ప్రభువు నీకొరకు గొప్ప పని యుంచెనని అతడు చెప్పుచుండెడివాడు. ఆ దినములలో ఫ్రెడరిక్ వీధి కాలువలలో పడియున్న చినిగిన బైబిలు పుటలను ఏరి, కడిగి, ఎండబెట్టి, తీరిక దొరికినప్పుడు చదువుకొనెనని వ్రాసియున్నాడు. చదువరులారా, మన యిండ్లలో గూటిలో ధూళిపట్టిన బైబిళ్లు ఎన్ని యున్నవో ఎవరిది వారు చూచుకొందురు గాక.

1833లో అతనిని పల్లెటూరైన సెయింట్ మైకెల్స్‌కు, థామస్ ఆల్డునొద్దకు పంపిరి. అక్కడ ఆకలి. ఆగస్టు నెలలో మెథడిస్టువారి ఉజ్జీవకూటములు జరిగెను. థామస్ ఆల్డు ఆ కూటములలో మారుమనస్సు పొందితినని సాక్ష్యమిచ్చెను. ఇతడు నిజముగా మారినయెడల దాసులను విడుదలచేయును, అది కాకున్నను కడుపునకు అన్నమైనను పెట్టునని ఫ్రెడరిక్ ఆశతో కనిపెట్టెను. ఉదయము, సాయంకాలము కుటుంబ ప్రార్థనలు మొదలాయెను. బోధకులు వచ్చి భోజనము చేసి పోవుచుండిరి. అన్నము పెరుగలేదు. కొరడా మాత్రము పెరిగెను. ముందు తన క్రూరత్వమునకు తానే ఆధారము. ఇప్పుడు వాక్యాధారము కూడ దొరికెను.

ఆ యింట హెన్నీ అను దాసి యుండెను. చిన్ననాడు నిప్పులో పడి చేతులు కాలి, ఏ పనికిని రాని అభాగ్యురాలు. థామస్ ఆల్డు ఆమెను కట్టివేసి కొట్టి, లూకా 12:47ను వల్లించి, ఇది లేఖనానుసారమని చెప్పెడివాడు. దయచేసి మీ బైబిలు తెరచి ఆ అధ్యాయము చూడుడి. 47వ వచనమునకు రెండు వచనములు పైన, 45లో, ప్రభువు ఎవనిని దోషిగా నిలుపుచున్నాడు? యజమానుడు రావడములే అని తోడి దాసదాసీలను కొట్ట మొదలుపెట్టినవానినే! 47లోని దెబ్బలు ఆ కొట్టువానికే గాని హెన్నీవంటివారికి కావు. థామస్ ఆల్డు తనమీదికి రావలసిన శిక్షను తానే వల్లించుచు, ఆ కుంటి చేతుల స్త్రీని కొట్టెను. ఇందుకే దాసులకు చదువు రాకూడదని వారు అనిరి. 47వ వచనము వినువానికి 45 కూడ చదువ వచ్చినయెడల ఇక ఆ కొరడా నిలుచునా?

ఫ్రెడరిక్ మరికొందరితో కలిసి నల్లవారికి ఆదివారపు బడి పెట్టగా, సంఘములో క్లాసు లీడర్లుగా ఉన్నవారే కఱ్ఱలతో వచ్చి చెదరగొట్టిరి. ఇతడు చెడిపోయినాడని తలంచి థామస్ ఆల్డు 1834 జనవరిలో అతనిని ఎడ్వర్డ్ కోవీ అను రైతుకు ఏడాదికి ఇచ్చెను. కొండెద్దును కాడికి మరపునట్లు, లొంగని దాసులను లొంగదీయుటలో కోవీ పేరు పొందినవాడు. అతడును మెథడిస్టు క్లాసు లీడరే. ప్రార్థనలు దీర్ఘముగా చేయును గాని పాట ఎత్తుట చేతకాదు. గనుక కీర్తన ఎత్తుమని ఫ్రెడరిక్‌కు ఆజ్ఞ. వీపు పుండ్లతో నిలిచి ఆ పాట ఎత్తవలెను. కొన్ని దినములు అతడు నోరు మెదపకుండుటయు కలదు. అప్పుడు కోవీ ఒక్కడే అపశ్రుతిగా పాడుకొనెడివాడు. ఆ యింట జరిగిన మరియొక పాపమునుగూర్చి డగ్లస్ వ్రాసినది పిల్లలు చదువు ఈ పత్రికలో చెప్పజాలను.

ఆరు నెలలు వారము తప్పక దెబ్బలు. చదువు మీది కోరిక కూడ చచ్చెనని ఆయన వ్రాసెను. ఆగస్టులో ఎండకు సొమ్మసిల్లి పడినవానిని తలమీద కొట్టగా, నెత్తురు కారుచు ఏడు మైళ్లు నడిచి థామస్ ఆల్డుకు మొరపెట్టుకొనెను. తిరిగి పొమ్మనెను. కొద్ది దినములలో కోవీ త్రాడుతో కాళ్లు కట్టబోగా, పదునారేండ్ల ఫ్రెడరిక్ అతని గొంతు పట్టుకొనెను. దాదాపు రెండు గంటలు పెనుగులాడిరి. కోవీని గాయపరచుటకు గాక తాను దెబ్బ తినకుండుటకే అట్లు చేసితినని ఆయన చెప్పెను. చెంప త్రిప్పుమను ప్రభువు మాట ఏమగునని కొందరు అడుగుదురు. చెంప త్రిప్పుట స్వేచ్ఛగలవాడు ఇష్టపూర్వకముగా చేయు కార్యము. కట్టివేయబడినవానికి త్రిప్పుటకు చెంప ఎక్కడిది? ఈ విషయములో ఆయనకు తీర్పు తీర్చుటకు నేను సిద్ధముగా లేను. కోవీ మరల అతనిపై చెయ్యి ఎత్తలేదు. పదునారేండ్లవాడు లొంగలేదని ఊరికి తెలిసిన తన పేరు పోవునని ఎవరితోను చెప్పలేదు.

మరుసటి సంవత్సరము ఫ్రీలండ్ అనువాని పొలములో ఉండగా ఆయన రహస్యముగా ఆదివారపు బడి నడిపెను. ఒక దశలో నలుబదిమందికి పైగా వచ్చిరి. పట్టుబడినయెడల ముప్పది తొమ్మిది దెబ్బలు. అయినను వచ్చిరి. ఆ తరువాత ఎన్నో గొప్ప సభలలో మాటలాడిన ఆయన, తాను చేసిన పనులన్నిటిలో ఈ బడియే మిక్కిలి తీపియని తలంచెను. స్థలమిచ్చిన నల్లజాతి గృహస్థుని పేరు, అతనికి కీడు కలుగునని, పుస్తకములో వ్రాయలేదు.

1836లో అయిదుగురు కలిసి పారిపోవ యత్నించిరి. ఆయన తన చేతితో యజమానుని పేర అనుమతి చీటీలు వ్రాసెను. గుట్టు బయటపడి పట్టుకొనిరి. తన చీటీ నిప్పులో వేసి, తోడివానిని వాని చీటీ రొట్టెతోపాటు మ్రింగివేయుమనెను. చెరసాలలో కొంతకాలముండి బాల్టిమోరుకు తిరిగి పంపబడి, ఓడపలకల సందులలో నార కూరి నీరు రాకుండ చేయు పని నేర్చుకొనెను. వారమునకు తొమ్మిది డాలర్లవరకు సంపాదించెను. శనివారము రాత్రి అది అంతయు హ్యూ ఆల్డు చేతిలో పెట్టవలెను. ఆరు డాలర్లు తెచ్చినప్పుడు ప్రోత్సాహముగా ఆరు సెంట్లు తిరిగి ఇచ్చెడివాడు.

ఆ పట్టణములో ఆన్నా మర్రే అను నల్లజాతి కన్య యుండెను. ఆమె దాసి కాదు. ఇండ్లలో పనిచేసి బ్రదుకుచుండెను. చదువు రాదు. ఆమె తన ఈకల పరుపు అమ్మి ఆయన ప్రయాణమునకు డబ్బు సమకూర్చెను. 1838 సెప్టెంబరు 3న ఆయన నావికుని వేషములో, స్నేహితుడైన యొక నావికుని కాగితములు జేబులో పెట్టుకొని రైలెక్కెను. కాగితములోని వర్ణన ఆయనకు సరిపడదు. రైలు ఉద్యోగి పైపైన చూచి విడిచిపెట్టెను. రైలు, పడవ, మరల రైలు, ఆవిరి ఓడ – ఒక్క దినములోపుననే న్యూయార్కు చేరెను. గొప్ప స్త్రీలనుగూర్చి మనము చెప్పుకొనునప్పుడు ఈ ఆన్నాను మరచుట న్యాయము కాదు.

ఆమె వెనుకనే వచ్చెను. సెప్టెంబరు 15న వారికి పెండ్లి చేసిన పాదిరి జేమ్స్ పెన్నింగ్టన్. ఆయనయు మేరీలాండునుండి పారిపోయిన దాసుడే, కమ్మరి పనివాడు. యేల్ వేదపాఠశాలలో కూర్చుండి వినుటకు సెలవిచ్చిరి గాని నోరు విప్పుటకు గాని, గ్రంథాలయమునుండి పుస్తకము తీసికొనుటకు గాని సెలవియ్యలేదు. విని నేర్చుకొనియే బోధకుడాయెను. 1849లో తన చరిత్రను పుస్తకముగా ప్రచురించెను. ఆ పాఠశాలవారు 2023లో, ఆయన చనిపోయిన నూట యాభై సంవత్సరముల తరువాత, ఆయన పేర పట్టమిచ్చిరి.

నవదంపతులు న్యూ బెడ్‌ఫోర్డు పట్టణమునకు పోయిరి. అక్కడనే బెయిలీ అను పేరు మార్చి డగ్లస్ అను పేరు పెట్టుకొనెను. అక్కడి మెథడిస్టు సంఘములో చేరదలచి, ప్రభుభోజనపు దినమున చూడగా, పాదిరి మొదట తెల్లవారికందరికి రొట్టెయు ద్రాక్షారసమును ఇచ్చి ముగించి, తరువాత మూలనున్న అయిదారుగురు నల్లవారిని పిలిచి, దేవునికి పక్షపాతము లేదని చెప్పుచు రమ్మనెను. డగ్లస్ లేచి బయటకు పోయెను. మరల ఆ గుడిలో అడుగు పెట్టలేదు. నల్లవారి చిన్న సంఘములో చేరి, అక్కడ ఆదివారపు బడి నడిపి, గుడి ఊడ్చి, బోధ చేయుటకు అనుమతి పొందెను. 1 కొరింథీ 11లో పౌలు గద్దించిన దోషము ఇదే గదా. మన తెలుగు దేశములోను ఒకే ఊరిలో మాలలకొక గుడి, మాదిగలకొక గుడి కట్టుకొనిన చోట్లు కలవు. ఒక గుడిలోనివారు మరియొక గుడిలో పాత్ర ముట్టనిది ఎందుకో సంఘపు పెద్దలు చెప్పవలెను.

1841 ఆగస్టులో నాంటకెట్ దీవిలో జరిగిన సభలో ఆయన మొదటిసారి తెల్లవారి యెదుట తన కథ చెప్పెను. తరువాత ఊరూర చెప్పెను. ఇంత చక్కగా మాటలాడువాడు దాసుడెట్లగునని కొందరు నమ్మలేదు. అందుకు జవాబుగా 1845లో తన జీవిత కథను వ్రాసి, యజమానుల పేళ్లు, ఊళ్ల పేళ్లు అన్నియు ఉన్నవున్నట్లు అచ్చువేయించెను. నాలుగు నెలలలో అయిదువేల ప్రతులు చెల్లెను. పారిపోయిన దాసుడు తన జాడ తానే అచ్చువేయించుట ఎంత అపాయమో ఆలోచించుడి. పుస్తకము చివర ఆయన ఒక మాట చేర్చెను: తాను చెప్పినదంతయు దాసులను కొట్టువారి మతమునుగూర్చియేగాని క్రీస్తు మతమునుగూర్చి కాదనియు, ఈ రెంటికి చీకటికి వెలుగుకు ఉన్నంత దూరమనియు తెలిపి, మత్తయి 23వ అధ్యాయమును ఆ దేశపు సంఘములకు అన్వయించెను. 1855లో దానినే విస్తరించి రెండవ పుస్తకము, 1881లో మూడవది వ్రాసెను.

పట్టుబడుదునను భయముచేత 1845లో సముద్రము దాటి ఐర్లాండు, స్కాట్లాండు, ఇంగ్లాండు దేశములలో తిరిగెను. అప్పుడే స్కాట్లాండు ఫ్రీ చర్చివారు అమెరికాలో దాసులనేలు సంఘములనుండి సుమారు 3000 పౌనులు చందా తెచ్చుకొనియుండిరి. ఆ డబ్బు తిరిగి పంపివేయుడని డగ్లస్ ఊరూర చెప్పగా, ఆ మాట గోడలమీద కూడ వ్రాసిరి. పంపలేదు. ఈ సంఘమువారే మద్రాసులో నడిపిన పాఠశాల పిమ్మట మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ఆయెను. మన తెలుగువారు అనేకులు దానివలన మేలు పొందిరి. ఆ మేలును మరువము. అయినను మత్తయి 27:6లో ప్రధానయాజకులకు కలిగినపాటి సంకోచమైనను ఆ పెద్దలకు కలుగలేదని చెప్పక తప్పదు.

1846లో ఇంగ్లాండులోని క్రైస్తవ స్నేహితులు 150 పౌనులు పోగుచేసి ఆల్డు కుటుంబమునుండి ఆయనకు విడుదల పత్రము కొనిరి. మనుష్యుని వెల కట్టి కొనుట తప్పని కొందరు ఆయన పక్షమువారే ఆక్షేపించిరి. ఫిలేమోను పత్రిక 18వ వచనములో పౌలు ఒనేసిము బాకీ తన లెక్కలో వ్రాయుమనుటను నేను జ్ఞాపకము చేసికొందును. ఆ పత్రికనే పారిపోయినవారిని పట్టి అప్పగించుటకు ఆధారముగా చూపిన బోధకులు ఆ దేశములో ఉండిరి. వారు 16వ వచనము వరకు చదువలేదు కాబోలు.

1847లో రోచెస్టరు పట్టణములో నార్త్ స్టార్ అను పత్రిక స్థాపించెను. ఆయన యింట పారిపోయివచ్చినవారికి చోటుండెను. వారిని సరిహద్దు దాటించి కెనడాకు పంపెను. యుద్ధము వచ్చినప్పుడు ఇద్దరు కుమారులు సైన్యములో చేరిరి. 1863 జనవరి 1న లింకన్ ప్రకటన, 1865లో రాజ్యాంగ సవరణ – దాసత్వము ఆ దేశములో చట్టముచేత ముగిసెను. 1873లో మన దేశమందు జోతిరావు ఫూలే గులాంగిరి అను మరాఠీ పుస్తకమును, ఆ దాసుల విడుదలకై పాటుపడిన అమెరికావారికి అంకితమిచ్చెను.

చివరి కాలములో డగ్లస్ సంఘములతో ఎప్పుడును ఏకీభవించెనని చెప్పలేను. 1870లో విడుదలకొరకు దేవునికంటె మనుష్యులకే కృతజ్ఞత చెప్పెనని నల్లజాతి పాదిరులు కొందరు నొచ్చుకొనిరి. కఱ్ఱలతో వచ్చిన క్లాసు లీడర్లు ఆ హృదయములో చేసిన గాయము అంత సులభముగా మానునది కాదు. 1895 ఫిబ్రవరి 20న వాషింగ్టనులో మరణించెను. శవసంస్కార ఆరాధన నల్లవారి మెథడిస్టు గుడిలో జరిగెను.

ఒక్క సంగతి మిగిలియున్నది. 1877లో, ఆయన రాజధానిలో మార్షల్ అను గొప్ప ఉద్యోగములో ఉండగా, సెయింట్ మైకెల్స్‌కు పోయెను. థామస్ ఆల్డు వృద్ధుడై, చేతులు వణకుచు, మరణశయ్యమీద ఉండి ఆయనను పిలిపించెను. ఆల్డు ఆయనను మార్షల్ డగ్లస్ అని ఉద్యోగపు పేరుతో పలుకరించెను. డగ్లస్ అతనిని వారించి, మునుపటివలె ఫ్రెడరిక్ అనియే పిలువుమనెను. ఇద్దరును కన్నీరు విడిచిరి, కొంతసేపు మాట రాలేదు. అవ్వను ముసలితనములో విడిచిపెట్టితివని తన పుస్తకములో ఆల్డుమీద మోపిన నింద నిజము కాదని తెలిసికొని, డగ్లస్ ఆ తప్పును అతని యెదుట ఒప్పుకొనెను. పారిపోయినందుకు ఏమి తలంచితివని అడుగగా, నీ స్థానములో నేనున్నను అదే చేసియుందునని వృద్ధుడు చెప్పెను. ఇరువది నిమిషములు అట్లు మాటలాడుకొనిరి. ఆ సమయములో డగ్లస్ తన జీవితమంతయు బాధించిన ప్రశ్న అడిగెను: తాను ఎప్పుడు పుట్టెను? ఖచ్చితముగా తెలియదనియు, 1818 ఫిబ్రవరి అని తోచుచున్నదనియు ఆల్డు చెప్పెను. డగ్లస్ మరణించిన చాలా కాలమునకు ఆ కుటుంబపు పాత లెక్కల పుస్తకము పరిశీలింపగా, దాసుల పేళ్ల వరుసలో అదే నెల, అదే సంవత్సరము వ్రాసియుండెను.